పత్తాలు పట్టుడు, పందెం లేకుండా: కార్డిస్ట్రీలో మొదటి పాఠం



చదవడం మొదలుపెట్టే ముందు ఒక చిన్న పని. మీ దగ్గర పేక కట్ట ఉంటే తెచ్చి పక్కన పెట్టుకోండి. లేకపోయినా పర్లేదు, ముందు చదివి తర్వాత కొనుక్కోండి. ఇది ల్యాబ్ మాన్యువల్ లాంటి వ్యాసం. చదివితే బుర్రకి ఎక్కుతుంది కానీ చేతికి రాదు. చేతికి రావాలంటే ముక్కలు పట్టుకోవాల్సిందే.

విషయం పేరు కార్డిస్ట్రీ. కార్డ్, ఆర్టిస్ట్రీ అనే రెండు ఇంగ్లీషు మాటలు కలిపి చేసిన పేరు ఇది. పేకముక్కల్ని ఒక్క చేత్తో కట్ చేయడం, విసనకర్రలా విప్పడం, పై చేతిలోంచి కింది చేతిలోకి ధారలా వదలడం, కట్టని నాలుగైదు భాగాలు చేసి వేళ్ళ మధ్య తిప్పడం. ఇలాంటి ఒక్కో విన్యాసాన్ని ఫ్లరిష్ అంటారు. మ్యాజిక్‌కీ దీనికీ ఒక పెద్ద తేడా ఉంది. మ్యాజిక్‌లో చేతులు చేసే పని దాచాలి. ఇక్కడ దాచడానికి ఏమీ లేదు, చేతులు చేసే పనే చూపించాలి.

ఇది పుట్టింది మాత్రం మ్యాజిక్ లోంచే. స్టేజీ మీద మెజీషియన్ అసలు ట్రిక్ ముందు కొంచెం షోగా ముక్కలు తిప్పేవాడు. ఆ షో భాగమే మెల్లగా వేరే కళ అయింది. క్రిస్ కెన్నర్ అనే అమెరికన్ మెజీషియన్ 1992లో వచ్చిన తన ‘టోటల్లీ ఔట్ ఆఫ్ కంట్రోల్’ పుస్తకంలో సిబిల్ అనే రెండు చేతుల కట్ నేర్పించాడు. ఈరోజు వీడియోల్లో కనిపించే చాలా కట్‌లకి అదే తల్లి లాంటిది. తర్వాత డాన్, డేవ్ బక్ అనే కవలలు 2000ల్లో ఈ కళని వీడియోల్లోకి తెచ్చారు. 2007లో వచ్చిన వాళ్ళ ‘ట్రిలజీ’ డీవీడీలు చూసి ప్రపంచంలో ఎంతోమంది పిల్లలు ముక్కలు పట్టుకున్నారు. ఇప్పుడు మన ఫోన్లలోకి రీల్స్‌గా వచ్చింది.

మరి ఈ రీల్స్ చూసి మనవాళ్ళు ఎందుకు నేర్చుకోవట్లేదు? కష్టం అని కాదు. అసలు సమస్య వేరే ఉంది.

పత్తాలు అనగానే

మాది జనగామ. నా రూమ్‌మేట్స్‌లో ఒకడిది మానుకోట, అంటే మహబూబాబాద్. ఇంకొకడిది భూపాలపల్లి. మూడు జిల్లాలు, మూడు ఇళ్ళు, కానీ బ్యాగులోంచి పేక కట్ట బయటపడగానే మూడు ఇళ్ళల్లోనూ వచ్చిన మాట ఒక్కటే. "ఏందిరా గవి? పత్తాలా? ఇంట్లకు తేకు."

ఆ మాట ఊరికే రాదు. పేపర్‌లో జిల్లా పేజీ తీయండి. పేకాట స్థావరంపై దాడి, ఇంతమంది అరెస్టు, ఇంత నగదు, ఇన్ని సెల్‌ఫోన్లు స్వాధీనం అని ఒక వార్త తరచుగా ఉంటుంది. మా ఇంట్లో అయితే దానికి పేపర్ కూడా అక్కర్లేదు. మా అమ్మ వాళ్ళ నాన్న బాయికాడి ఎకరం పత్తాలాటలోనే పోయింది. తాత చనిపోయి చాలా ఏళ్ళయింది కానీ ఆ ఎకరం మాట మాత్రం ఇప్పటికీ పండగకి చుట్టాలు కూర్చున్నప్పుడల్లా వస్తది. కాబట్టి అమ్మకి ఇస్పేటు రాజు ఒక బొమ్మ కాదు. పోయిన భూమి.

అందుకే ఈ పాఠంలో మొదటి రూల్ చేతి వేళ్ళ గురించి కాదు. మొదటి రూల్ ఇది: ఈ కట్టతో ఆట ఆడొద్దు. రూపాయి పందెం కూడా వద్దు, టీ పందెం కూడా వద్దు. ఫ్లరిష్‌ల కోసం కొన్న కట్టని రమ్మీకి ఇవ్వొద్దు. హాస్టల్‌లో ఎవరైనా అడిగితే "ఇది ఆడే కట్ట కాదు, ప్రాక్టీస్ కట్ట" అని చెప్పండి. మొదట్లో నవ్వుతారు, తర్వాత అడగడం మానేస్తారు.

చట్టం సంగతి కూడా రెండు ముక్కల్లో తెలుసుకుందాం. మన దగ్గర జూదానికి సంబంధించింది 1974 నాటి తెలంగాణ గేమింగ్ చట్టం. 2017లో దాన్ని సవరించి, డబ్బు పెట్టి ఆన్‌లైన్‌లో ఆడే ఆటల్ని, రమ్మీతో సహా, అందులోకి తెచ్చారు. అంతకు చాలా ముందే, సికింద్రాబాద్‌లోని ఒక క్లబ్ మీద పెట్టిన కేసు సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది. రమ్మీలో ముక్కలు గుర్తుపెట్టుకోవడం, ఏది ఉంచాలో ఏది పారేయాలో తెలియడం ముఖ్యం కాబట్టి అది ఎక్కువగా నైపుణ్యం ఉన్న ఆట అని కోర్టు 1967 నవంబర్‌లో చెప్పింది. అంటే దశాబ్దాలుగా మన దగ్గర పేక చుట్టూ నడుస్తున్న వాదన అంతా ఒక్క ప్రశ్న మీదే: ఇది నైపుణ్యమా, అదృష్టమా? కార్డిస్ట్రీలో ఆ వాదనకి చోటే లేదు. ఆట లేదు, ఎదుటివాడు లేడు, గెలుపు లేదు, డబ్బు లేదు. మిగిలింది నైపుణ్యం ఒక్కటే.

మన దగ్గర దీనికి ఒక పేరు ఉంది

కార్డిస్ట్రీ ఫారిన్ సరుకు అని మీకు అనిపించొచ్చు. ముక్కల వరకు నిజమే. కానీ చేతి సాధననే బతుకుదెరువుగా చేసుకున్న వాళ్ళు మన తెలంగాణ ఊళ్ళల్లో ఉన్నారు. వాళ్ళ పేరే సాధనాశూరులు. పద్మశాలీలని ఆశ్రయించుకుని ఉన్న కళాకారుల కులం వాళ్ళది. నేతన్నల ఊళ్ళకి తిరుగుతూ కసరత్తులు, ఇంద్రజాలం చూపించేవాళ్ళు. 1909లో వచ్చిన థర్‌స్టన్ ‘క్యాస్ట్స్ అండ్ ట్రైబ్స్ ఆఫ్ సదరన్ ఇండియా’లో కూడా ఈ పేరు ఉంది.

వాళ్ళు పేకముక్కలు తిప్పారని నేను అనట్లేదు. నాకు నచ్చింది ఆ పేరు. ఇంద్రజాలం చూపించేవాళ్ళని మాయగాళ్ళు అనొచ్చు, గారడీవాళ్ళు అనొచ్చు. కానీ ఈ పేరులో మాయ అనే మాటే లేదు. సాధనలో శూరులు, అంతే. చూసేవాడికి మాయ, చేసేవాడికి సాధన అని పేరు పెట్టినవాళ్ళకి బాగా తెలుసన్నమాట.

పేకముక్కల చరిత్రలో కూడా మనకి వాటా ఉంది. ఇప్పుడు మనం వాడే 52 ముక్కల కట్ట యూరప్ నుంచి వచ్చింది. దానికంటే ముందు మన దేశంలో గంజీఫా ఉండేది. బాబర్ తన ఆత్మకథలో 1527లో ఒకరికి గంజీఫా ముక్కలు పంపించానని రాసుకున్నాడు. అవి గుండ్రంగా ఉండి, చేత్తో బొమ్మలు వేసినవి. మొఘల్ గంజీఫాలో 96 ముక్కలు, దశావతార గంజీఫాలో 120. మన నిర్మల్ కళాకారులు కూడా గంజీఫా ముక్కలు చేసేవాళ్ళు. అంటే పేకముక్క మన దగ్గర జూదం వస్తువు మాత్రమే కాదు, బొమ్మలు వేసేవాళ్ళ చేతిపని కూడా.

ఏ కట్ట కొనాలి

ఇక పాఠంలోకి వద్దాం. పేక కట్టలు రెండు సైజుల్లో వస్తాయి. పోకర్ సైజు 63 మిల్లీమీటర్ల వెడల్పు, బ్రిడ్జ్ సైజు 57 మిల్లీమీటర్లు. పొడవు రెండింటికీ దాదాపు 88. ఆరు మిల్లీమీటర్లు ఎంతలే అనుకోకండి. ఒక్క చేత్తో కట్ చేసేటప్పుడు అది బాగా తెలుస్తుంది. చేయి చిన్నగా ఉన్నవాళ్ళు బ్రిడ్జ్ సైజుతో మొదలుపెట్టడం సులువు.

సైజు కంటే ముఖ్యం పైపూత. మన ఊళ్ళో జనరల్ స్టోర్‌లో దొరికే నున్నటి కట్ట కొత్తలో బాగా జారుతుంది. నాలుగు రోజులకి చెమట పట్టి ముక్కలు గుంపులు గుంపులుగా అతుక్కుంటాయి. ఫ్లరిష్‌ల కోసం చేసే కాగితం ముక్కల మీద వేలితో తడిమితే తెలిసేంత సన్నటి గుంటలు ఉంటాయి. ఆ గుంటల్లో గాలి నిలబడి, ఒక ముక్క మీద ఇంకో ముక్క సాఫీగా జారుతుంది. రీల్స్‌లో విసనకర్ర అంత సమానంగా విచ్చుకోవడానికి సగం కారణం ఇదే. అయితే కట్‌లు నేర్చుకోవడానికి ఊరి కట్ట చాలు. ఫ్యాన్ దగ్గరికి వచ్చాక మంచి కాగితం కట్ట కొనుక్కోండి.

కట్టని చూసుకోవడం కూడా పాఠంలో భాగమే. మిర్చీ బజ్జీ తిన్న చేత్తో పట్టుకోవద్దు. చేతులు కడుక్కుని పూర్తిగా తుడుచుకోవాలి. జారడం కోసం మొహానికి రాసుకునే పౌడర్ చల్లొద్దు, చెమటతో కలిసి ముద్దవుతుంది. రబ్బరు బ్యాండ్ వేయొద్దు, అంచులు వంగుతాయి. వానాకాలంలో కాగితం తేమ పీల్చి వంకర పోతుంది కాబట్టి, వాడనప్పుడు డబ్బాలో పెట్టి పైన ఒక లావు టెక్స్ట్‌బుక్ పెట్టండి. సెమిస్టర్ మొత్తంలో ఆ పుస్తకం చేసే మేలు అదే కావొచ్చు.

పట్టు రెండు రకాలు

ఏ ఫ్లరిష్ అయినా పట్టుతోనే మొదలవుతుంది. మొదట రెండు పట్టులు చాలు.

మొదటిది మెకానిక్స్ గ్రిప్. కట్ట ఎడమ అరచేతిలో పడుకుని ఉంటుంది. బొటనవేలు ఎడమ పొడవు అంచు దగ్గర, చూపుడువేలు ముందున్న పొట్టి అంచు దగ్గర, మిగిలిన మూడు వేళ్ళు కుడి పొడవు అంచు దగ్గర. పంచేవాళ్ళు పట్టుకునే పట్టు ఇదే.

రెండోది బిడిల్ గ్రిప్. కుడి చేత్తో కట్టని పైనుంచి పట్టుకుంటాం. బొటనవేలు మన వైపున్న పొట్టి అంచు మీద, నడిమివేలు, ఉంగరపువేలు అవతలి పొట్టి అంచు మీద. చూపుడువేలు కొంచెం వంచి పైన తాకిస్తే చాలు.

టీవీ చూస్తూ, క్యాంటీన్ టీ కోసం ఆగుతూ ఈ రెండు పట్టులు మార్చుకుంటూ ఉండండి. కట్ట బరువు చేతికి అలవాటు కావాలి. బండి నేర్చుకునే ముందు స్టాండ్ మీద కూర్చుని గేర్లు మార్చినట్టు.

నాలుగు ఫ్లరిష్‌లు

ఒకటి, డ్రిబుల్. కుడి చేత్తో బిడిల్ గ్రిప్. కింద ఎడమ అరచేయి చాపి ఉంచండి. కుడి చేతి నడిమివేలు, ఉంగరపువేలు మెల్లగా వదులు చేస్తే ముక్కలు ఒకదాని వెనక ఒకటి కింద పడతాయి. మొదట రెండు చేతుల మధ్య రెండంగుళాల ఎత్తు చాలు. అన్నీ ఒకేసారి పడితే నొక్కు ఒక్కసారిగా వదిలేశారని అర్థం. సమానంగా చప్పుడు వచ్చేదాకా ఎత్తు పెంచొద్దు. కళ్ళు మూసుకుని వినండి. తప్పు చెవికి ముందు తెలుస్తుంది.

రెండు, స్వింగ్ కట్. మళ్ళీ బిడిల్ గ్రిప్పే. కుడి చూపుడువేలిని అవతలి ఎడమ మూల దగ్గరికి తెచ్చి, పై సగాన్ని కొంచెం లేపి ఎడమ వైపుకి తలుపు తెరిచినట్టు తిప్పండి. ఆ సగాన్ని ఎడమ చేయి అందుకుంటుంది. కుడి చేతిలో మిగిలిన సగాన్ని దాని మీద పెట్టేయండి. అయిపోయింది. అన్నిటికంటే సులువైనది ఇదే, పెద్ద కట్‌లు చాలా వరకు మొదలయ్యేది కూడా దీనితోనే.

మూడు, చార్లియర్ కట్. ఒక్క చేత్తో చేసేది. కట్టని ఎడమ చేతి వేళ్ళ కొసలతో అరచేతికి కొంచెం పైన పట్టుకోండి. బొటనవేలు ఒక పొడవు అంచు మీద, నడిమివేలు, ఉంగరపువేలు ఎదుటి పొడవు అంచు మీద, చిటికెనవేలు మన వైపున్న పొట్టి అంచు దగ్గర అడ్డంగా. కట్టకీ అరచేతికీ మధ్య ఖాళీ ఉండాలి. ఇప్పుడు బొటనవేలు కొంచెం వదులు చేస్తే కింది సగం అరచేతిలోకి జారుతుంది. చూపుడువేలిని కట్ట కిందికి మడిచి, జారిన సగాన్ని బొటనవేలి వైపు పైకి నెట్టండి. అది లేచి దాదాపు నిలువుగా బొటనవేలికి తగిలేదాకా నెట్టాలి. అప్పుడు పై సగానికి దారి వదులవుతుంది, అది చూపుడువేలి మీదికి దిగుతుంది. చూపుడువేలు తీసేసి మూసేయండి. కింద ఉన్న సగం పైకి వచ్చింది.

చదవడానికి ఇంత పొడుగ్గా ఉన్నా చేస్తే రెండు సెకన్ల పని. అందరూ ఆగేది ఒక్క చోటే: రెండు సగాలు ఒకదానికొకటి గుద్దుకుని ఆగిపోతాయి. కింది సగాన్ని ఇంకా పైకి నెట్టాలి, అంతే. వేళ్ళు ఇంకొంచెం తెరవాలి. పూర్తి కట్ట బరువనిపిస్తే 26 ముక్కలతో మొదలుపెట్టి, రోజుకి నాలుగైదు చొప్పున పెంచండి.

నాలుగు, థంబ్ ఫ్యాన్. ఎడమ చేత్తో కట్ట కింది భాగాన్ని పట్టుకోండి. బొటనవేలు ముందు, మిగతా వేళ్ళు వెనక. కుడి బొటనవేలిని కట్ట పై ఎడమ మూల మీద ఆనించి, గడియారం ముల్లు తిరిగే దిక్కులో అర్ధచంద్రంలా లాగండి. నొక్కు ఎక్కువైతే రెండు మూడు ముక్కలే వస్తాయి, తక్కువైతే వేలు జారిపోతుంది. ఎడమ చేతి పట్టు వదులుగా ఉండాలి. గట్టిగా పట్టుకుంటే ముక్కలు తిరగలేవు.

ఎట్ల ప్రాక్టీస్ చేయాలి

అన్నిటికంటే ముఖ్యమైన సలహా: మంచం మీద కూర్చుని చేయండి. ముక్కలు పడతాయి, తప్పదు. నేల మీద పడితే మురికవుతాయి, అంచులు దెబ్బతింటాయి, 52 ముక్కలు ఏరేసరికి ఓపిక పోతుంది. మంచం మీద దుప్పటి పరుచుకుని, దాని పైనే చేతులు ఉంచి చేస్తే పడ్డవి పడ్డచోటే ఉంటాయి.

రెండో సలహా: రోజూ కొంచెం. ఆదివారం మూడు గంటలు ఒకేసారి కూర్చోవడం కంటే రోజూ పదిహేను నిమిషాలు రెండుసార్లు చేయడం మేలు. బొటనవేలి మొదట్లో నొప్పి వస్తే ఆ రోజుకి ఆపేయండి. ఎలాగూ రోజంతా కీబోర్డు, ఫోను నొక్కే వేళ్ళే ఇవి.

ఫిట్స్, పోస్నర్ అనే ఇద్దరు సైకాలజిస్టులు 1967లో ఒక చేతి నైపుణ్యం మూడు దశల్లో వస్తుందని రాశారు. మొదటి దశలో ప్రతి కదలికా ఆలోచించి చేస్తాం. రెండో దశలో కదలికలు ఒకదానికొకటి అతుక్కుంటాయి, తప్పులు తగ్గుతాయి. మూడో దశలో ఆలోచన అక్కర్లేదు, మాట్లాడుతూ కూడా చేయొచ్చు. మీరు ఏ దశలో ఉన్నారో తెలుసుకోవడానికి ఒక చిన్న పరీక్ష: చార్లియర్ చేస్తూ పదమూడో ఎక్కం చెప్పండి. ఎక్కం ఆగినా, ముక్కలు పడినా ఇంకా రెండో దశలోనే ఉన్నట్టు. స్పీడు మూడో దశ దాకా ముట్టుకోవద్దు. మెల్లగా చేసినప్పుడు అందంగా లేనిది వేగంగా చేస్తే అందంగా అయిపోదు, కనపడకుండా పోతుంది అంతే.

మూడో సలహా: ఫోన్‌లో వీడియో తీసుకోండి. ఫోన్‌ని ఎదురుగా, చూసేవాళ్ళు కూర్చునే చోట పెట్టండి. మనకి కనిపించేది కట్ట వెనక భాగం. వాళ్ళకి కనిపించేది వేరే.

ఎక్కడ చేయకూడదో కూడా చెప్పాలి. జనగామ నుంచి కాజీపేట వెళ్ళే ప్యాసింజర్‌లో కట్ట తీయొద్దు. రెండు నిమిషాల్లో "తమ్మీ, నాలుగు చేతులు ఏస్తవా" అని పక్క సీటు పెద్దమనిషి జరిగి కూర్చుంటాడు. మానుకోట వైపు వెళ్ళే బండిలోనూ అదే కథ. భూపాలపల్లి వాడికి రైలు లేదు, పరకాల మీదుగా బస్సే. ఆ కుదుపులకి కట్ట మొత్తం సీట్ల కింద తేలుతుంది. ప్రయాణంలో చేయాలనుంటే ఒకే ఒక్క ముక్క జేబులో పెట్టుకోండి. దాన్ని వేళ్ళ మధ్య ఒకదాని మీంచి ఒకదానికి మార్చడం ప్రాక్టీస్ చేయండి. ఒక్క ముక్కతో ఎవరూ ఆట అడగరు.

మన బ్రాంచ్ వాళ్ళ కోసం ఒక డీబగ్గింగ్

కట్ సరిగ్గా సగానికి పడుతుందా లేదా అని కంటితో చెప్పలేం. దానికో పద్ధతి ఉంది. ఇస్పేటు ఆసుని కట్ట అట్టడుగున పెట్టండి. ఒకసారి చార్లియర్ చేయండి. ఇప్పుడు పైనుంచి లెక్కపెట్టండి. ఆసు ఎన్నో ముక్కగా వచ్చిందో, మీ కింది భాగంలో అన్ని ముక్కలు ఉన్నట్టు. 26 వస్తే పర్ఫెక్ట్. 19 వస్తే బొటనవేలు తొందరగా ఆగిపోతోంది. 33 వస్తే ఎక్కువ వదిలేస్తోంది. రోజూ పదిసార్లు చేసి నోట్‌బుక్‌లో రాసుకోండి. వారం తర్వాత అంకెలు 26 చుట్టూ దగ్గరికి వస్తుంటే మీ వేలు లెక్క నేర్చుకుంటోందన్నమాట.

ఇందులో ఇంకో సరదా ఉంది. కట్ అంటే అర్రేని రొటేట్ చేయడమే. ఎన్నిసార్లు కట్ చేసినా వరస చెదరదు, మొదలు మాత్రమే మారుతుంది. కింది భాగాలు 30, తర్వాత 22 అనుకోండి. మొత్తం 52, కట్ట మళ్ళీ మొదటికొచ్చేసింది. మాడ్యులో 52 అరిథ్మెటిక్ చేతిలో జరుగుతోంది. అంటే చూడటానికి ఎంత హడావిడిగా ఉన్నా, వంద చార్లియర్లు చేసినా ముక్కలు కలవవు.

నిజంగా కలవాలంటే రిఫుల్ షఫుల్ కావాలి. దాదాపు ఏడుసార్లు చేస్తే కట్ట బాగా కలుస్తుందని డేవ్ బేయర్, పెర్సీ డయాకొనిస్ 1992లో లెక్క కట్టారు. అదే ఒక్కో ముక్క చొప్పున సరిగ్గా ఒకదాని మధ్యలో ఒకటి పడేట్టు, పై ముక్క పైనే ఉండేట్టు ఎనిమిదిసార్లు కలిపితే, 52 ముక్కలూ మొదటి వరసకే వచ్చేస్తాయి. ఈ డయాకొనిస్ పద్నాలుగేళ్ళప్పుడు ఇల్లు వదిలి డై వెర్నన్ అనే మెజీషియన్‌తో ఊళ్ళు తిరిగాడు. తర్వాత ప్రాబబిలిటీ పుస్తకం ఒకటి అర్థం చేసుకోవాలని కాలేజీలో చేరి, చివరికి స్టాన్‌ఫర్డ్‌లో ప్రొఫెసర్ అయ్యాడు. ఇంట్లో చెప్పడానికి పనికొచ్చే కథ. ఇల్లు వదిలిన భాగం మాత్రం చెప్పకండి.

యాభై ఆకుల కట్ట

వేళ్ళకి ఇంత నేర్పు నిజంగా వస్తుందా అని డౌట్ ఉంటే ఎండాకాలంలో భూపాలపల్లి, మహబూబాబాద్ అడవి పల్లెలకి వెళ్ళి చూడండి. తునికాకు సీజన్ అది. పొద్దున్నే అడవికి పోయి ఆకు కోసుకొచ్చి, ఇంటి ముందు కూర్చుని కట్టలు కడతారు. కట్టకి యాభై ఆకులు. మన పేక కంటే రెండే తక్కువ. మా భూపాలపల్లి ఫ్రెండ్ వాళ్ళ నాయనమ్మ పక్కింటావిడతో మాట్లాడుతూనే ఆకులు ఒకదాని మీద ఒకటి పేరుస్తుంది. చిల్లు పడ్డదాన్ని వేలితోనే పక్కకి తోసేస్తుంది. కట్ట కట్టాక లెక్కపెడితే యాభై ఉంటాయి. ఇంతకుముందు చెప్పిన మూడో దశ అంటే అదే. ఆమె దాన్ని ఫ్లరిష్ అనదు, ఎవరూ వీడియో తీయరు. ఆ వేళ్ళ పనికి వచ్చే కూలి కూడా కట్టల లెక్కనే.

జనగామ పక్కన పెంబర్తి ఉంది. అక్కడ ఇత్తడి రేకు మీద చిన్న సుత్తితో, ఉలితో బొమ్మలు తేలుస్తారు. ఒక్క దెబ్బ గట్టిగా పడితే రేకు చిరుగుతుంది, మెల్లగా పడితే బొమ్మ లేవదు. థంబ్ ఫ్యాన్‌లో నొక్కు గురించి చెప్పింది గుర్తుందా? లెక్క అదే. మన చుట్టూ ఇంత చేతిపని ఉంది. మనమే ఇంగ్లీష్ మీడియంలో కూర్చుని వేళ్ళని టైపింగ్‌కి తప్ప దేనికీ వాడకుండా పెరిగాం.

ఇంట్లో ఎట్ల చెప్పాలి

దాచిపెట్టి నేర్చుకోవద్దు. దాచితే అది జూదంలాగే కనిపిస్తుంది. ముందు డ్రిబుల్, స్వింగ్ కట్ బాగా వచ్చేదాకా ఆగండి. తర్వాత ఇంట్లో అందరూ ఉన్నప్పుడు హాల్లోనే తీయండి. "ఆట కాదు, చూడండి" అని చేసి చూపించండి. వాళ్ళు కోప్పడితే వినండి, ఆ కోపానికి కారణాలు ఉన్నాయి.

నేను చూపించినప్పుడు మా అమ్మ చాలాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత అడిగింది ఒక్కటే: "ఇందుల ఎవలు గెలుస్తరు?" ఎవరూ గెలవరమ్మా అన్నాను. "మరి ఓడేటోళ్ళు?" వాళ్ళూ ఉండరన్నాను. "అయితే చేస్కో" అంది. ఇప్పటికీ కట్ట టీవీ పక్కనే ఉండాలి, బ్యాగులో ఉండొద్దు అనేది ఆమె పెట్టిన షరతు. న్యాయమైన షరతే అనిపించింది.

మొదటి నెల ప్లాన్

మొదటి వారం: రెండు పట్టులు, డ్రిబుల్. రెండో వారం: స్వింగ్ కట్, దానితో పాటు 26 ముక్కలతో చార్లియర్. మూడో వారం: పూర్తి కట్టతో చార్లియర్, రోజూ ఇస్పేటు ఆసు పరీక్ష. నాలుగో వారం: థంబ్ ఫ్యాన్, చివర్లో నాలుగూ కలిపి ఒక అర నిమిషం వీడియో. సిబిల్ లాంటివి అప్పుడే వద్దు. వీడియోల్లో అవే ఆకర్షిస్తాయి కానీ, ఈ నాలుగూ రాకుండా వాటి జోలికి వెళ్తే చేతిలో ఐదు భాగాలు, మంచం మీద 52 ముక్కలు మిగులుతాయి.

రెండో చేయిని మర్చిపోకండి. ఎడమ చేత్తో చార్లియర్ వచ్చిన రోజే కుడి చేత్తో మొదలుపెట్టండి. మళ్ళీ మొదటి దశ నుంచే వస్తుంది, కానీ ఈసారి ఎక్కడ గుద్దుకుంటాయో ముందే తెలుసు కాబట్టి తొందరగా వస్తుంది.

నెల తర్వాత మీ నోట్‌బుక్‌లో ఆసు అంకెలు తీసుకుని క్లబ్ మీటింగ్‌కి రండి. మేం ముగ్గురం ఉంటాం. కట్ట మీదే తెచ్చుకోండి. పర్సు మాత్రం రూమ్‌లో పెట్టి రండి.